ఘాట్ మొదలయ్యే చోట గుంపు విప్పెయ్యాలి

ఎనిమిది బండ్లు ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి, నాలుగు ఇండికేటర్లూ టిక్కుటిక్కుమంటూ ఘాట్ ఎక్కుతుంటే ఫోన్‌లో చూడ్డానికి బాగుంటుంది. రోడ్డు మీద మాత్రం అంతకన్నా పనికిమాలిన పద్ధతి లేదు. నేననేది ఒక్కటే. మైదానంలో కలిసి నడపండి. గుట్ట కింద ఆగండి. అక్కడ గుంపును విప్పేసి, ఎవరి బండిని వాళ్లు సొంతంగా ఎక్కించి, పైన కలుసుకోండి. ఈ మాట ఎత్తితే చాలు, "గట్లయితే గ్రూపు రైడు ఎందుకన్నా, ఎవనికి వాడు పోతే అయిపాయె" అనే వాళ్లు హన్మకొండలోనే బోలెడు మంది ఉన్నారు. ఈ రాసేదంతా వాళ్ల కోసమే.

ముందు దారి చెప్తాను, లేకపోతే మాటలు గాల్లో తేలుతాయి. వరంగల్ నుంచి శని, ఆదివారాల్లో అయ్యే గుట్టల రోడ్డు అంటే నా లెక్కలో ఆసిఫాబాద్–కెరమెరి–ఉట్నూర్ వైపే. హన్మకొండ, కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్. అక్కణ్నుంచి కెరమెరి ఘాట్ ఎక్కి జైనూర్ మీదుగా ఉట్నూర్. పొద్దుంటే అదే రోజు కవ్వాల్ అడవి దాటి జన్నారం. మర్నాడు లక్షెట్టిపేట, రాయపట్నం వంతెన, ధర్మపురి, జగిత్యాల, కరీంనగర్ మీదుగా ఇల్లు. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్, కుంటాల, పొచ్చెర జలపాతాలు కూడా ఇందులోనే ఇరికించాలని చాలామంది చూస్తారు. వద్దు. అవి ఇంకో వారాంతానికి ఉంచుకోండి. రోజంతా బండి మీద కూర్చుని, కళ్లు మండుతుండగా సాయంత్రం ఐదింటికి ఘాట్ దిగడంలో మజా ఏముంది?

ఈ దారిలో ఘాట్ అనదగ్గ ముక్క చాలా చిన్నది. అరకు రోడ్డులా గంటల తరబడి సాగదు. రోజు మొత్తంలో కొద్ది నిమిషాల పని. కాబట్టి ఆ కాసేపు విడిపోతే కొంపలేం మునగవు.

ఇక లెక్కకొద్దాం. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. బండికీ బండికీ మధ్య రెండు సెకన్ల ఎడం పెడితే ఎనిమిది బండ్ల వరస 230 మీటర్లు దాటుతుంది. కెరమెరి లాంటి రోడ్డులో 230 మీటర్లు నేరుగా కనపడే చోటు ఎక్కడుంది? అంటే ముందున్నవాడికి వెనకవాడు కనపడడు, వెనకవాడికి ముందున్నవాడు కనపడడు. కనపడాలని దగ్గరికి జరుగుతారు. రెండు సెకన్లు ఒకటవుతుంది, ఒకటి అర అవుతుంది. ఇప్పుడు మూలమలుపులో ముందోడికి ఎద్దుల బండి ఎదురైందనుకోండి. వాడు బ్రేకు తొక్కుతాడు, రెండోవాడు ఇంకొంచెం గట్టిగా, మూడోవాడు ఇంకా గట్టిగా. ఆరోవాడి దగ్గరికొచ్చేసరికి అది బ్రేకు కాదు, గుద్దుడు.

దీనికన్నా చెడ్డది వెనకబడ్డవాడి సంగతి. అయిదో బండి ఒక నిమిషం పాటు లారీ వెనక 30లో ఇరుక్కుంది. ముందున్న నలుగురు 60లో పోతూనే ఉన్నారు. ఆ నిమిషంలో వాళ్లు కిలోమీటరు పోతే వీడు అర కిలోమీటరు పోయాడు. అంటే 500 మీటర్ల ఎడం. వాళ్లను అందుకోవాలని వీడు 80 కొడితే గంటకు 20 కిలోమీటర్ల తేడాతో ఆ ఎడం పూడటానికి నిమిషంన్నర పడుతుంది. అంతసేపు, అంటే రెండు కిలోమీటర్లు, ఆగకుండా 80లోనే పోవాలి. గుట్టల రోడ్డులో రెండు కిలోమీటర్లు 80లో పోగలవాడు మొదట వెనకబడేవాడే కాదు. గ్రూపులో పడిపోయేది ఎప్పుడూ ఆ అయిదోవాడో ఆరోవాడో ఎందుకవుతాడంటే ఇందుకే. వాడికి నడపడం రాక కాదు, అందుకోవాలన్న యావ వల్ల. ముందున్నవాళ్లేమో "మేం మెల్లగనే పోయినం కదా" అంటారు. అదీ నిజమే. ముందోడు మెల్లగా పోయినా వెనకోడు ఉరకాల్సి వస్తుంది. వరసలో ఉన్న లోపమే అది.

ఓవర్‌టేకింగ్ సంగతి చూడండి. ముందున్నవాడు ఎదురుగా ఖాళీ చూసుకుని లారీ దాటతాడు. వాడి వెనకున్నవాడు చూసేది ఎదురు రోడ్డును కాదు, ముందోడి టెయిల్ లైటును. వాడు పోయాడు కాబట్టి నేనూ పోవచ్చనుకుంటాడు. ఖాళీ ఒక బండికి సరిపడా ఉంది, మూడు దూరాయి. కొందరు దాటినవాళ్లు చేయి ఊపి "రా రా" అని పిలుస్తారు కూడా. ఆ అలవాటు ఇవాళే మానిపించండి. నీ కళ్లతో చూడని ఖాళీలోకి నీ బండి పోకూడదు, అంతే.

ఇంకో కారణం చూపు. మలుపులో బండి చూపు పోయిన చోటికే పోతుంది. ముందు బండి ఉంటే కళ్లు దాన్నే అంటుకుంటాయి. వాడు తప్పు లైను పట్టుకుంటే నువ్వూ అదే పడతావు. పైగా వాడిది డ్యుయల్ ఛానల్ ఏబీఎస్ (బ్రేకు వేసినా రెండు చక్రాలూ లాక్ కాకుండా చూసేది) ఉన్న 390, నీది వెనక డ్రమ్ము బ్రేకు ఉన్న 125. వాడు బ్రేకు వేసిన చోట నువ్వు వేస్తే ఆగవు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. దానికన్నా పాత బండ్లూ, చిన్న బండ్లూ మన గ్రూపుల్లో ఇప్పటికీ సగం ఉంటాయి. సింగిల్ ఛానల్ అయితే ముందు చక్రానికే ఉంటుంది, వెనకది లాక్ అవుతుంది. ఇన్ని రకాల బండ్లను ఒకే వేగంతో ఒకే మలుపులో తిప్పించాలనుకోవడమే తిక్క ఆలోచన.

సరే, విప్పడం ఎట్లా?

గుట్ట మొదలవకముందే, రోడ్డు ఇంకా నేరుగా ఉన్నచోట, తారు దిగి ఆగండి. కెరమెరి ఘాట్‌కైతే ఆసిఫాబాద్ దాటాక ఏ ఊరి చివరో హోటల్ ముందు ఆగితే చాయ్ కూడా అయిపోతుంది. హెల్మెట్ పట్టీలు బిగించుకున్నారో లేదో ఒకరిదొకరు చూసుకోండి. వేగంగా పోయేవాళ్లు ముందు, వెనక మనిషిని ఎక్కించుకున్నవాళ్లు, సామాను ఉన్నవాళ్లు తర్వాత, కొత్తవాళ్లు ఆఖర్న. మైదానంలో దీనికి తలకిందులు. అక్కడ అందరికన్నా కొత్తవాడు లీడ్ (అందరికన్నా ముందు పోయి దారి చూపేవాడు) వెనకే, రెండో బండిగా ఉండాలి, వాడి వేగమే అందరి వేగం. ఘాట్‌లో మాత్రం కొత్తవాడి వీపు మీద ఎవరి హెడ్‌లైటూ పడకూడదు.

ఒక బండి కదిలాక అర నిమిషం ఆగి రెండోది. ఫోన్‌లో చూసి వదలండి, అందాజాగా వద్దు. అందాజా అర నిమిషం పది సెకన్లే అవుతుంది. ఎనిమిదో బండి మూడున్నర నిమిషాల తర్వాత కదులుతుంది. ఆరు కిలోమీటర్ల ఘాట్ అనుకుందాం. 45లో పోయేవాడికి ఎనిమిది నిమిషాలు, 30లో పోయేవాడికి పన్నెండు. అంటే మొదటివాడు పైన ఆఖరివాడి కోసం ఏడెనిమిది నిమిషాలు కాచుకోవాలి. గ్రూపు విప్పినందుకు అయ్యే ఖర్చు మొత్తం ఇంతే. నీళ్లు తాగి, చేతి గ్లౌజులు తీసి తొడుక్కునేలోపు అయిపోతుంది.

ఆఖరి బండి స్వీప్. స్వీప్ అంటే అందరికన్నా మెల్లగా పోయేవాడు అనుకుని నెమ్మదస్తుణ్ని పెట్టేస్తారు. తప్పు. మెకానిక్ పని తెలిసినవాడు, ఓపిక ఉన్నవాడు, అవసరమైతే ఎవరినైనా "బండి పక్కకు పెట్టు" అని గద్దించగలవాడు స్వీప్. రిపేరు సామాన్ల సంచి వాడి దగ్గరే. కొత్తవాడికి కనపడనంత వెనక ఉండాలి. అద్దంలో కనపడితే కొత్తవాడు కంగారుపడి తొందరపడతాడు. స్వీప్ ఎవరినీ దాటడు. పైకి స్వీప్ వచ్చాడంటే మధ్యలో ఎవరూ మిగల్లేదని లెక్క.

"ఒంటరిగా పోతూ ఎవడన్నా లోయలో పడితే ఎవరికి తెలుస్తది?" ఇది న్యాయమైన ప్రశ్న. కాసేపట్లోనే వెనక బండి అక్కడికి వస్తుంది. దానికీ కనపడకపోతే పైన లెక్క తక్కువవుతుంది, ఎందుకంటే స్వీప్ వచ్చాక కూడా ఒకటి తగ్గితే అది రోడ్డు దిగిందనే అర్థం. అప్పుడు ఇద్దరు వెనక్కి దిగాలి, ఒక్కడే కాదు. గుంపుగా పోయినా ఏడో బండి జారితే ముందున్న ఆరుగురికీ తెలిసేది పైకి పోయాకే కదా. అప్పుడూ చూసుకునేది స్వీప్ ఒక్కడే.

పైన ఆగే చోటు మలుపులో ఉండొద్దు. గోడ మీద కాళ్లు వేలాడేసి, బండ్లు సగం తారు మీద పెట్టి ఫొటోలు దిగే జాగాలు మహబూబ్ ఘాట్‌లోనూ ఉన్నాయి, కెరమెరిలోనూ ఉన్నాయి. అక్కడ కాదు. మలుపు దాటి రెండు వందల మీటర్లు పోయి, అన్ని బండ్లూ తారు దిగే చోట. కోతులకు అరటిపళ్లు, బిస్కట్లు వెయ్యడం కూడా ఆపండి. తిండి అలవాటైన కోతులు మలుపు మధ్యలోనే కూర్చుంటాయి, తర్వాత వచ్చేవాడి చక్రం కిందికి వస్తాయి.

జంక్షన్ల దగ్గర దారి తప్పకుండా ఉండటానికి ఇంటర్‌కామ్‌లు, లైవ్ లొకేషన్లు అంటారు. కవ్వాల్ అడవిలో సిగ్నల్ ఉండీ లేనట్టే. గుట్ట అడ్డమొస్తే ఇంటర్‌కామ్ కూడా మూగబోతుంది. దానికన్నా పాత పద్ధతి నయం. దారి తిరిగే ప్రతిచోటా లీడ్ వెనకున్న రెండో బండి ఆగాలి. వెనకవాళ్లకు దూరం నుంచే కనపడేటట్టు, తిరగాల్సిన రోడ్డు మూలన, ఇండికేటర్ అటు వేసుకుని నిలబడాలి. స్వీప్ వచ్చేదాకా కదలకూడదు. స్వీప్ వచ్చాక అతని ముందు చేరాలి. తర్వాతి మలుపులో కొత్తగా రెండోదైన బండి ఆగుతుంది. ఇట్లా లీడ్, స్వీప్ తప్ప అందరూ వంతులవారీగా ఆగుతారు. మైదానంలో లీడ్ వెనకుండే కొత్తవాడికి వంతు వచ్చినప్పుడు అతని బదులు మూడో బండి ఆగొచ్చు. కెరమెరి దాటాక జోడేఘాట్ దారి చీలే చోట, ఉట్నూర్ చౌరస్తాలో, లక్షెట్టిపేటలో ఇది తప్పకుండా కావాలి. 1940లో కుమ్రం భీం నేలకొరిగిన జోడేఘాట్‌కు పోయి స్మారకం, మ్యూజియం చూసి రావాలనుకుంటే, దానికి ఎంత సేపో ముందే అనుకోండి. ఆ దారిలో ఇద్దరు పోయి ఆరుగురు మెయిన్ రోడ్డు మీద నిలబడితే పొద్దు అక్కడే గుంకుతుంది.

నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడిపే సరదా గురించి ఒక మాట. అన్నీ వెలుగుతుంటే నువ్వు కుడికి తిరుగుతున్నావో ఎడమకో వెనక బస్సు డ్రైవరుకు ఏం తెలుస్తుంది? అవి ఆగిపోయిన బండికి పెట్టే లైట్లు, నడిచే బండికి కాదు.

ఇక ఘాట్‌లో బండి నడపడం. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కేవాళ్లో అదే గేరులో దిగండి. రెండోదో మూడోదో. ఇంజనే సగం బ్రేకు. క్లచ్ పట్టుకుని, న్యూట్రల్ కొట్టి, పెట్రోలు మిగులుతుందని జారవిడిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంజక్షన్ బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు సరఫరా దాదాపు ఆగిపోతుంది కాబట్టి మిగిలేది కూడా ఏమీ లేదు. పోయేది బ్రేకు. వెనక బ్రేకు మీద కాలు ఆనించి కిలోమీటర్లు దిగితే డ్రమ్ము వేడెక్కి లైనింగ్ కాలిన వాసన వస్తుంది, తర్వాత ఎంత తొక్కినా పట్టదు. డిస్క్ అయితే ఆయిల్ సంగతి. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది, ఆ మరిగే హద్దు 155 దగ్గరికి పడిపోతుంది. మరిగితే లోపల బుడగలు వచ్చి లివర్ హ్యాండిల్‌కు అంటుకుపోతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమంటారు. మన షెడ్లలో సర్వీసింగ్ అంటే ఇంజన్ ఆయిల్, చైన్, కడుగుడు. బ్రేక్ ఆయిల్ అడిగితే తప్ప మార్చరు, కాబట్టి అడగండి. లివర్ మెత్తబడ్డట్టు అనిపిస్తే ఆగి చల్లారనివ్వండి. వేడి డిస్క్ మీద నీళ్లు పొయ్యొద్దు, వంకర పోతుంది.

స్కూటీ తెచ్చేవాళ్లను వద్దనను గానీ, గేర్లు లేని బండికి ఇంజన్ బ్రేకింగ్ అంతంతమాత్రం. దిగేటప్పుడు సగంలో ఒకసారి ఆగి డ్రమ్ములు చల్లార్చుకోవాలి.

మలుపులోకి పోకముందే వేగం తగ్గించి, గేరు దించి, లోపల సన్నగా యాక్సిలరేటర్ ఇస్తూ బయటికి రావాలి. అందరికీ తెలిసిన మాటే. చాలామందికి తట్టనిది కుడి మలుపు సంగతి. మధ్య గీత పట్టుకుని కుడికి వాలితే చక్రాలు మన వైపే ఉంటాయి, తల మాత్రం గీత దాటి ఎదుటి బస్సు దారిలో ఉంటుంది. కాబట్టి కుడి మలుపులో ఎడమకు జరిగి ఉండండి. మరీ చివరి అడుగున్నర కాదు, అక్కడ కంకర ఉంటుంది. ఎడమ మలుపులో వేగం ఎక్కువైతే బండి తనంతట తానే ఎదుటి లేనులోకి జరుగుతుంది. మలుపు లోపలి అంచున లారీల వెనక చక్రాలు మన్ను, కంకర ఈడ్చి పోస్తాయి, అక్కడ వాలితే ముందు చక్రం జారుతుంది. మలుపు అవతలి కొస ఎంత దూరంలో కనపడుతుందో అంత దూరంలో ఆగగలిగే వేగమే సరైన వేగం. మంచి టైర్లతో పొడి రోడ్డు మీద 60లో ఆగడానికి, ఒక సెకను తేరుకోవడం కలుపుకొని, దాదాపు 37 మీటర్లు కావాలి. 80లో 60 మీటర్లకు దగ్గర. తడి రోడ్డుకు ఇంకా ఎక్కువే. ఇరుకు చోట ఎక్కే బండికే దారి, దిగేవాడు ఆగాలి.

ఇంతా చెప్పి, ఈ ప్రయాణంలో ఘాట్ కన్నా నేను భయపడేది మైదానానికే. గుట్టలో ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపేవాడు పెద్దపల్లి రోడ్డు మీద పాటలు వింటూ నడుపుతాడు. అక్టోబరు చివరి నుంచి వానాకాలం వడ్లు, ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు, మధ్యలో మక్కలు. రోడ్డులో సగం కళ్లమే. గింజల మీద బ్రేకు వేస్తే గోలీల మీద వేసినట్టే. అంతకన్నా ముఖ్యం, కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు. వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్లు అట్లాగే ఉంటాయి. రాత్రి లైటు వెలుతురులో తారు రంగు, రాయి రంగు ఒకటే. రైతు మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, ఆరబెట్టే కళ్లం లేకనే రోడ్డెక్కాడు. రాత్రి నడపకపోవడమే మన చేతిలో ఉన్నది. హార్వెస్టర్లు, ట్రాలీకి లైటు లేని ట్రాక్టర్లు, పత్తి లోడు రెండు పక్కలా పొంగి లేను దాటిన డీసీఎంలు, మంచిర్యాల–బెల్లంపల్లి మధ్య బొగ్గు లారీలు. తండాల ముందు రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్లు. సాయంత్రం అయిదు, ఆరు మధ్య ఇంటికి మళ్లే పశువులు. బర్రె అదిరిపడదు, దాని దారిన అది పోతుంది, వెనక నుంచి దాటండి. మేకలు అట్లా కాదు. ఒకటి అటు దూకితే మిగిలినవన్నీ దాని వెంటే దూకుతాయి, కాబట్టి ఆఖరిది పోయేదాకా ఆగాల్సిందే.

నాలుగు లేన్ల రోడ్డు మీద గ్రూపుగా నడపాల్సిన తీరు ఇది: ఒకడు లేనులో ఎడమ వైపు, తర్వాతవాడు కుడి వైపు, పక్క వరసలో ముందున్న బండికి ఒక సెకను, తన వరసలోని బండికి రెండు సెకన్లు. పక్కపక్కన ముచ్చట్లాడుకుంటూ నడపొద్దు. ఊరు రాగానే ఒకే వరస. లీడ్ వేగం 70, 80 దాటొద్దు. వరంగల్–కరీంనగర్ మధ్య రోడ్డు వెడల్పు పనులు నడిచే చోట మళ్లింపులు, దుమ్ము ఉంటాయి. తెల్లారి అయిదింటికి కదిలితే ఎండ, ట్రాఫిక్ రెండూ తప్పుతాయి. చలికాలంలో మాత్రం గంట ఆలస్యంగానే కదలండి. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ వైపు ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోతుంది, పొగమంచు తొందరగా విడవదు. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. గ్లౌజుల కింద పలచటి ఊలు జత వేసుకుంటే పని జరుగుతుంది.

బండి తయారీ గురించి అందరూ రాస్తారు కాబట్టి క్లుప్తంగా. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత గాలి ఉండాలన్న అంకె వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో చైన్ కవర్ మీదో స్టిక్కర్‌లో ఉంటుంది, వెనక మనిషి ఉంటే వేరే అంకె. చైన్ వదులు చాలా బండ్లకు 25 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య. వెనక మనిషిని కూర్చోబెట్టి ఒకసారి చూడండి, బిగుసుకుపోకూడదు. ప్రతి అయిదు వందల కిలోమీటర్లకూ, వానలో తడిసిన రోజు సాయంత్రమూ చైన్‌కు లూబ్. బ్రేక్ ప్యాడ్ మందం మిల్లీమీటరున్నర దగ్గరికొస్తే కదలకముందే మార్చండి. ఇవన్నీ శుక్రవారం రాత్రి కాదు, బుధవారం. శుక్రవారం షెడ్డులో బిగించిన బోల్టు వదులైతే తెలిసేది జైనూర్‌లోనే.

సామాన్లు ఎనిమిది మందీ తలా ఒక సెట్టు మోయక్కర్లేదు. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్టు రెండు, గాలి పంపు ఒకటి. అడవి దారిలో తుమ్మ ముల్లుకు కొదవ లేదు. పుల్లల చక్రం బండ్లకు ట్యూబ్ ఉంటుంది, పంక్చర్ కిట్టు వాటికి పనికిరాదు. ఆ సైజు ట్యూబు, టైరు లివర్లు రెండు, యాక్సిల్ నట్టుకు పట్టే స్పానరు ఆ బండివాడే తెచ్చుకోవాలి. పది, పన్నెండు, పద్నాలుగు స్పానర్లు, ఆలెన్ కీలు, ప్లగ్ స్పానరు, ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు, జిప్ టైలు, చైన్ లింకు. క్లచ్ కేబుల్ ఒక్కోబండికి ఒక్కో పొడవు, కాబట్టి ఎవరిది వాళ్లకే. దాన్ని సంచిలో పెట్టకుండా పాత కేబుల్ పక్కనే వేసి, జిప్ టైలతో కట్టి ఉంచితే తెగినప్పుడు రెండు కొసలు తగిలించడమే పని.

పెట్రోలు విషయంలో చిన్న బండివాళ్లను ఎగతాళి చేస్తారు గానీ, పది లీటర్లలోపు ట్యాంకున్న వంద సీసీ బండి అయిదు వందల కిలోమీటర్లు పోతుంది. ముందు ఖాళీ అయ్యేది పెద్ద బండే. ఆసిఫాబాద్‌లో అందరూ నింపండి, సగం ఉన్నవాళ్లు కూడా. తర్వాత ఒకడి కోసం ఏడుగురు ఆగే పని తప్పుతుంది.

ఉట్నూర్ చేరేసరికి నాలుగు దాటితే అక్కడే ఉండిపోండి. జన్నారంలో పర్యాటక శాఖ హరిత రిసార్టు బుక్ చేశాం కదా, డబ్బులు పోతాయని చీకట్లో కవ్వాల్ అడవిలోకి పోవద్దు. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన అడవి అది. పులి సంగతి పక్కన పెట్టండి, మన చక్రాలకు అడ్డమొచ్చేవి మనుబోతులు, అడవిపందులు, దుప్పులు. క్వింటాలు దాటిన మనుబోతు 50లో తగిలితే ఏబీఎస్ ఏం చేస్తుంది? మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలే కాలం. తెల్లవారుజామున చెట్ల కింద ఏరుకునే జనం ఉంటారు, ఆ పూల కోసమే ఎలుగులూ వస్తాయి. ఎండాకాలం మొదట్లో టేకాకు రాలి రోడ్డు కప్పేస్తుంది, దాని మీద చినుకు పడితే ఇంకేం చెప్పను. అడవిలో హారన్లు, పెద్ద సైలెన్సర్లు, దిగి సెల్ఫీలు వద్దు.

శనివారం రాత్రి మందు గురించి కూడా మాట్లాడుకోవాలి, లేకపోతే ఈ రాతకు అర్థం లేదు. ఒంట్లోంచి మద్యం దిగేది సుమారు గంటకు ఒక చిన్న పెగ్గు లెక్కన. రాత్రి పన్నెండింటికి ఆరో పెద్ద పెగ్గు ముగించినవాడు తెల్లారి అయిదింటికి ఇంకా మత్తులోనే ఉంటాడు, నిద్రపోయినా సరే. చట్టం ఒప్పుకునే హద్దు వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. అట్లాంటివాడి తాళం స్వీప్ తీసుకోవాలి, పది దాటాకే ఇవ్వాలి. "ఏం కాదు బావా" అన్నా సరే ఇవ్వొద్దు.

ఎవరైనా పడితే: ముందు రోడ్డు ఆపండి. రెండు వైపులా వంద మీటర్ల దూరంలో ఒక్కో బండి, ఇప్పుడు వెయ్యండి నాలుగు ఇండికేటర్లు. పడ్డ బండి తాళం తిప్పేయండి. మనిషిని లేపి కూర్చోబెట్టొద్దు, నీళ్లు తాగించొద్దు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ అట్లాగే ఉంచండి. తియ్యక తప్పకపోతే ఒకరు మెడను రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు మెల్లగా లాగాలి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోండి, మాటిమాటికీ ఎత్తి చూడొద్దు. 108కి చేసి దగ్గరి కిలోమీటరు రాయి మీద ఉన్న ఊరి పేరు, అంకె చదివి చెప్పండి. సిగ్నల్ లేకపోతే చెరో వైపూ ఒక్కో బండి, మొదట సిగ్నల్ దొరికినవాడు చేస్తాడు. దారిన పోయేవాళ్లు సాయపడటానికి జంకితే వాళ్లకు చెప్పండి: 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్, దాని కింద వచ్చిన నియమాల ప్రకారం సాయం చేసినవాళ్లను పేరు చెప్పమని పోలీసులు గానీ ఆస్పత్రి గానీ బలవంతపెట్టడానికి లేదు.

ఇక చివరి పేచీ, ఎంతమంది. ఎనిమిది దాటితే నేను చెప్పిన పద్ధతులేవీ పనిచెయ్యవు. అర నిమిషం లెక్కన పదహారు బండ్లు వదలడానికి ఏడున్నర నిమిషాలు, పైన ఆగడానికి జాగా లేదు, ఒక హోటల్లో అందరికీ ఒకేసారి అన్నం లేదు. పదహారు మంది వస్తామంటే రెండు గ్రూపులు చెయ్యండి. రెండు లీడ్‌లు, రెండు స్వీప్‌లు, పావుగంట ఎడం, వేర్వేరు చాయ్ హోటళ్లు. ఒక గ్రూపు ఇంకో గ్రూపును అందుకోవాలని చూడకూడదు. పదహారు మందీ ఒక్క ఫొటోలో పడాలంటే ఆదివారం పొద్దున జన్నారంలో టిఫిన్ దగ్గర, బండ్లన్నీ స్టాండ్ వేసి ఉన్నప్పుడు దిగొచ్చు.